పోయినోళ్ల జాగలోకి వచ్చినోళ్లు

హైదరాబాద్ నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం దాకా సాగే 163వ నంబరు జాతీయ రహదారి జనగామ మీదుగా పోతుంది. సంక్రాంతి సెలవులు ముగిసే రోజుల్లో ఈ రోడ్డు మీద రెండు రకాల ప్రయాణాలు ఎదురెదురు పడతాయి. శంషాబాద్ విమానాశ్రయం వైపు పోయే కార్ల డిక్కీల్లో సూట్‌కేసులు, సకినాల డబ్బాలు, కిలోలు తూచి సర్దిన పచ్చళ్ల పెట్టెలు ఉంటాయి. తూర్పున గోదావరి వంతెన దాటి వచ్చే బొలెరోల్లో, ట్రాలీ ఆటోల్లో బట్టల మూటలు, సత్తు గిన్నెలు, ఒళ్లో చంటిపిల్లలు ఉంటారు. మొదటివాళ్లు డాలస్‌కో, దుబాయ్‌కో పోతున్నారు. రెండోవాళ్లు మిరప చేలకు వస్తున్నారు. ఊరు విడిచిన వాళ్లు వదిలేసిన పనే వచ్చిన వాళ్లకు బతుకుతెరువైంది.

2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా విడిపోయినప్పుడు జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి కొత్త జిల్లాలయ్యాయి. భూపాలపల్లిలో మహదేవపూర్, కాటారం లాంటి పాత కరీంనగర్ మండలాలు కలిశాయి. 2019 ఫిబ్రవరిలో దాని నుంచి ములుగు వేరుపడింది. ప్రభుత్వ కాగితాల్లో ఇవి వెనుకబడిన ప్రాంతాలు, వలసలు పోయే ప్రాంతాలు. అందులో అబద్ధం లేదు కానీ అది సగం మాటే. మానుకోట (మహబూబాబాద్) మిర్చి ధర చైనా కొనుగోళ్లను బట్టి ఊగుతుంది. జనగామ రైస్‌మిల్లులో బస్తా మోసేది బిహార్ భుజం. భూపాలపల్లి ఓపెన్‌కాస్టులో మట్టి ఎత్తేది కంపెనీ కార్మికుడు కాదు, కాంట్రాక్టరు మనిషి. మనవాళ్లు పోయిన చోట వాళ్లకు ఏమేం దక్కాలని మనం కొట్లాడామో, వచ్చినవాళ్లకు ఇక్కడ అవన్నీ దక్కుతున్నాయా? ఈ మూడు జిల్లాల్లో తిరిగితే పదే పదే ఎదురయ్యే ప్రశ్న అదే.

బొంబాయి నుంచి డాలస్ దాకా

పొట్ట చేత పట్టుకొని పోవడం ఈ నేలకు కొత్త కాదు. ముంబయిలోని కామాటిపురకు ఆ పేరు తెచ్చింది తెలంగాణ నుంచి పోయిన కామాటీలే. 18వ శతాబ్దం చివరి నుంచే వాళ్లు ఆ నగరానికి పునాదులు తవ్వారు, గోడలు లేపారు. ఆ తర్వాత పద్మశాలీల వంతు వచ్చింది. జనగామ జిల్లా కొడకండ్ల లాంటి నేత ఊళ్లలో మగ్గం కూడు పెట్టని రోజులొచ్చాక కుటుంబాలకు కుటుంబాలే షోలాపూర్, భివండి, సూరత్ బాట పట్టాయి. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె తర్వాత మిల్లులు ఒకటొకటే మూతపడ్డాయి. పని భివండి సాంచాల (మరమగ్గాల) షెడ్లకు మళ్లింది, దాని వెంటే మనుషులూ మళ్లారు. ఇరుకు గదుల్లో పది మంది సర్దుకొని, పగటి షిఫ్టువాళ్లు లేచిన చాప మీద రాత్రి షిఫ్టువాళ్లు పడుకొని సంసారాలు నిలబెట్టారు.

అక్కడ ఒక మంచి పనీ జరిగింది. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, ఉర్దూ బడులతో పాటు తెలుగు బడులు కూడా నడిపింది. ఒడియా పిల్లలకు ఒడియా బడులు పెట్టింది. వచ్చిన కార్మికుడి పిల్లలు ఏ భాషలో ఇంట్లో మాట్లాడతారో ఆ భాషలోనే అక్షరం దిద్దాలని ఒక పరాయి నగరం అనుకుంది. ఈ విషయం మన జిల్లాల అధికారుల టేబుళ్ల మీద రాసి పెట్టాలి.

సూరత్, భివండిల నుంచి మనవాళ్లను వెనక్కి రప్పిస్తామన్న మాటతోనే 2017 అక్టోబరులో వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. అక్కడికి వచ్చిన పెద్ద కంపెనీల్లో ఒకటి కేరళకు చెందిన కిటెక్స్, అమెరికా పసిపిల్లలకు బట్టలు కుట్టే సంస్థ. మరొకటి దక్షిణ కొరియాకు చెందిన యంగ్‌వన్. రెండింటికీ కావలసింది కుట్టుమిషన్ ముందు కూర్చునే పడుచు చేతులు. భివండిలో ముప్పయ్యేళ్లు సాంచా నడిపి, చెవులు మొద్దుబారి ఇల్లు చేరిన మనిషికి ఆ లైన్లో చోటు తక్కువ. చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలకు నెల జీతం దొరకడం చిన్న మేలు కాదు, దాన్ని కాదనను. కానీ ఎవరి పేరు చెప్పి పార్కు మొదలైందో వాళ్ల సంగతి వేరే పద్దుగా మిగిలే ఉంది.

తర్వాతి తరం విమానం ఎక్కింది. మహదేవపూర్, కాటారం వైపు పల్లెలు పాత కరీంనగర్ అలవాటు ప్రకారం గల్ఫ్‌ను చూశాయి. జనగామ, స్టేషన్ ఘన్‌పూర్, తొర్రూరు చుట్టుపక్కల చదువుకున్న కుటుంబాలు అమెరికాను చూశాయి. వరంగల్‌లో 1959లో వచ్చిన రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ (ఇప్పటి ఎన్‌ఐటీ), ఆ తర్వాత వీధి వీధికీ లేచిన ప్రైవేటు కాలేజీలు ఆ దారిని వెడల్పు చేశాయి. ఇప్పుడు ఊళ్లో ఒక ఇంటి హోదా చెప్పాలంటే ఎకరాల కంటే ముందు కొడుకు ఏ దేశంలో ఉన్నాడో చెబుతారు.

అమెరికా ఈ ఊళ్ల రాజకీయంలోకి కూడా వచ్చేసింది. జనగామ, మహబూబాబాద్ రెండు జిల్లాల మండలాలూ ఉన్న పాలకుర్తి నియోజకవర్గంలో 2023 ఎన్నికల్లో అమెరికాలో స్థిరపడ్డ ఝాన్సీరెడ్డి పోటీ చేయాలనుకున్నారు. భారత పౌరసత్వం చిక్కు వల్ల కుదరక కోడలు యశస్వినిరెడ్డిని నిలబెట్టారు. 26 ఏళ్ల ఆ అమ్మాయి, ఎన్నోసార్లు గెలిచి అప్పటికి మంత్రిగా ఉన్న ఎర్రబెల్లి దయాకర్‌రావును ఓడించింది. చాకలి ఐలమ్మ భూమి కోసం దొరకు ఎదురు నిలిచిన పాలకుర్తి ఇదే. 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి కూడా జనగామ జిల్లాదే. విసునూరు దేశ్‌ముఖ్ గడీ కింద నలిగిన పల్లెలు ఇవాళ ఓటు వేసేటప్పుడు విదేశాల్లో సంపాదించిన డబ్బుతో వచ్చిన కుటుంబాన్ని నమ్ముకోవడం ఎంత పెద్ద మార్పో ఆలోచించండి. గడీకి భయపడి కాదు, ఆశపడి వేసిన ఓటది.

ఆశకు అప్పు తోడుంటుంది. ఎకరం కుదువ పెట్టి కొడుకును ఎంఎస్‌కు పంపిన తండ్రులు ఈ మండలాల్లో వెతకకుండానే దొరుకుతారు. 2019 జనవరిలో అమెరికా ప్రభుత్వమే ఫార్మింగ్టన్ పేరుతో ఒక బూటకపు యూనివర్సిటీ నడిపి విద్యార్థులను పట్టుకున్నప్పుడు దొరికినవాళ్లలో ఎక్కువ మంది తెలుగు పిల్లలే. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుం ప్రకటించిన రాత్రి ఆ వార్త టీవీలో చూస్తూ ఎన్ని ఇళ్లలో అన్నం సహించలేదో! వాషింగ్టన్‌లో ఒక సంతకం పడితే దేవరుప్పులలో పెళ్లి సంబంధం ఆగిపోతుంది. ఇప్పుడు మనం బతుకుతున్న లోకం అది.

నాటు ముఠాలు

జనగామ కరువు నేల. బోరు మీద బోరు వేసి అప్పులపాలైన రైతులు ఇక్కడ ఇంటింటికీ ఉన్నారు. దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు చెరువుల్లోకి చేరాక పత్తి, కంది, జొన్న వేసిన చెలకల్లో వరి లేచింది. రాష్ట్రమంతా అదే తీరు. 2024 వానకాలంలో తెలంగాణలో 66 లక్షల ఎకరాలకు పైగా వరి వేశారు, 153 లక్షల టన్నుల వడ్లు పండాయని ప్రభుత్వం లెక్క చెప్పింది. నీళ్లొచ్చాయి, వరి వచ్చింది. అదే సమయంలో ఊళ్లో నడుం వంచే వయసు వాళ్లు హైదరాబాద్ బాట పట్టారు. బైకుల మీద పార్సిళ్లు ఇచ్చేవాళ్లు, క్యాబ్ నడిపేవాళ్లు, ఉప్పల్‌లో గది తీసుకొని కోచింగులకు పోయేవాళ్లు అయ్యారు. మరి నాటు వేసేదెవరు?

బిహార్, బెంగాల్, ఉత్తరప్రదేశ్ నుంచి ముఠాలు దిగాయి. పది పన్నెండు మంది మగవాళ్లు, ఒక మేస్త్రీ. ఎకరానికి ఇంతని గుత్త మాట్లాడుకుంటారు. నారు వాళ్లే పీకుతారు, కట్టలు వాళ్లే కడతారు, మడిలోకి విసిరేస్తారు. వరుసలో వంగి, ఎడమ చేతిలో నారు పట్టుకొని కుడిచేత్తో గుచ్చుకుంటూ వెనక్కి నడుస్తుంటే చూసేవాళ్లకు కళ్లు తిరుగుతాయి. మడి గట్టు మీద పెట్టిన ఫోన్‌లోంచి భోజ్‌పురి పాట మోగుతుంటుంది. పొద్దు గూకేలోపు మడి పచ్చబడుతుంది. రైతుకు కావలసింది అదే. నీళ్లు ఎప్పుడొస్తాయో, ఎప్పుడాగుతాయో తెలియని చోట వారం ఆలస్యం అయితే పంట చేతికి రాదు.

ఈ వేగంలో ఓడినవాళ్లు ఉన్నారు. నాటు ఆడవాళ్ల పని. ఊళ్లో పదిమంది ఆడవాళ్లు కూడబలుక్కొని, ఒకరి పొలంలో ఒకరు కైకిలి చేసి, పాట అందుకొని వేసిన పని అది. పెనిమిటి లేని ఆడమనిషికి, ఇంట్లో సాయం లేని ముసలమ్మకు ఆ నెల రోజుల కైకిలి ఏడాదికంతా ఆసరా. గుత్త ముఠా వచ్చాక రోజు కైకిలి గిట్టదని రైతు లెక్క చూసుకుంటున్నాడు. పడుచు ఆడవాళ్లు కొందరు టైలరింగ్‌కు, బట్టల దుకాణాలకు, టెక్స్‌టైల్ పార్కు బస్సుకు మారారు. వయసు మళ్లినవాళ్లకు కలుపు మిగిలింది, ఆ కలుపునూ మందు కొట్టి కాల్చేస్తున్నారు. బిహారీలు వచ్చి మా పని గుంజుకున్నారని ఆ అక్కలు అంటే దాన్ని ద్వేషం అనుకోకూడదు. వాళ్ల ఆకలిని కూడా ఎవరో లెక్కలో పెట్టుకోవాలి. అయితే ఆ లెక్క తేల్చుకోవాల్సింది బిహార్‌లోని ఖగడియా నుంచి వచ్చిన కూలీతో కాదు.

మానుకోట ఎరుపు

మహబూబాబాద్ జిల్లా జనంలో మూడింట ఒకవంతుకు పైగా గిరిజనులు, వాళ్లలో ఎక్కువ మంది లంబాడీలు. ఒకప్పుడు ఎద్దుల బిడారులతో ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశమంతా తిరిగిన వాళ్లు వీళ్ల పూర్వీకులు. రైలు వచ్చి ఆ వ్యాపారాన్ని మింగేశాక తండాలు కట్టుకొని నేలకు కుదురుకున్నారు. ఇవాళ మానుకోట తండాల చుట్టూ కనిపించే ఎరుపు తేజ మిర్చిది.

తేజ సన్నగా, పొట్టిగా ఉండే కాయ. ఘాటు ఎక్కువ. ఆ ఘాటు కోసమే దాన్ని విదేశాలు కొంటాయి. కాయలోంచి సారం తీసి సాస్‌లలో, నూడుల్స్ మసాలాల్లో, మందుల్లో వాడతారు. 2023-24లో మన దేశం నుంచి దాదాపు ఆరు లక్షల టన్నుల ఎండుమిర్చి ఎగుమతి అయింది. అన్నిటికంటే పెద్ద కొనుగోలుదారు చైనా. కాబట్టి ఖమ్మం మార్కెట్లో, వరంగల్ ఏనుమాముల మార్కెట్లో పొద్దున వేలంలో జెండా పాట ఎంతకు ఆగుతుందన్నది యార్డులో కూర్చున్న వ్యాపారి ఒక్కడి ఇష్టం కాదు. చైనా నుంచి ఆర్డర్లు లేవట అన్న ఒక్క మాట యార్డు గేటు దాటితే చాలు, బస్తా మీద కూర్చున్న రైతు ముఖం మాడిపోతుంది. 2017 ఏప్రిల్‌లో ధర కూలినప్పుడు ఖమ్మం మార్కెట్లో రైతుల కోపం కాంటాల మీద, కుర్చీల మీద విరుచుకుపడింది. ఆ తర్వాత రైతుల చేతులకు సంకెళ్లు వేసి కోర్టుకు తీసుకెళ్లిన దృశ్యాన్ని తెలంగాణ మరచిపోలేదు.

ధర ఒక్కటే సముద్రం దాటి రాలేదు. ఆగ్నేయాసియాకు చెందిన ఒక తామర పురుగు 2015లో బెంగళూరులో బొప్పాయి మీద తొలిసారి మన దేశంలో కనిపించింది. 2021 చలికాలానికి అది మిరప పూతలోకి చేరింది. రైతులు నల్ల తామర అన్నారు. పూవు పూవులో గుంపులు గుంపులుగా దూరి రసం పీల్చేసేది. పూత రాలి, చేను ముడుచుకుపోయేది. ఉన్న మందులన్నీ కొట్టారు, లేని మందులు అమ్మినవాళ్లనూ నమ్మారు. ఎకరానికి లక్షల్లో పెట్టుబడి పెట్టిన కౌలురైతులు ఆ శీతకాలం తట్టుకోలేకపోయారు. మహబూబాబాద్ జిల్లాలో వరుసగా ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. అంతకు పాతికేళ్ల ముందు, 1997-98లో, పత్తికి పురుగు పట్టి ఇదే వరంగల్ నేల వందల మంది రైతులను పోగొట్టుకుంది. పురుగు మారింది, పంట మారింది, అప్పు ఇచ్చినవాడి దుకాణం మాత్రం అక్కడే ఉంది.

ఇక్కడ మిరప కోతకు యంత్రం లేదు. కాయ ఒక్కసారే పండదు. చెట్టు మీద ఒకవైపు పండు, ఒకవైపు పచ్చి, కొసన ఇంకా పూత ఉంటుంది. కాబట్టి ఒకే చేనును విడతలు విడతలుగా చేత్తో ఏరాలి. జనవరి నుంచి ఎండలు ముదిరే దాకా ఇదే పని. మొలకు కట్టిన కొంగులోకి, సంచిలోకి కాయ ఏరి, కల్లంలో పట్టాల మీద ఆరబోసి, పొద్దున సాయంత్రం తిరగేసి, తెల్లబడ్డ తాలు కాయను వేరు చేయాలి. అరచేతులు మండుతాయి. ఆ చేతులతో కన్ను నలుపుకుంటే ఇక ఆ పూట పని సాగదు. పాలు తాగే పిల్ల ఉన్న తల్లి ఎన్ని నీళ్లు పోసి కడుక్కున్నా ఆ మంట చర్మం వదలదు. ఊళ్లో దొరికే మనుషులు చాలరు. అందుకే ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ నుంచి, మహారాష్ట్ర నుంచి ముఠాలు వస్తాయి. కూలీ కొందరికి డబ్బుగా ముడుతుంది, కొందరికి మిర్చిగానే ముడుతుంది. ఆ మిర్చి మూట వాళ్ల ఊరి సంతలో ఉప్పు, నూనె, బట్ట అవుతుంది.

ఈ రాకపోకలు పూర్తిగా పరాయి రాకపోకలు కావు. గోదావరికి ఇవతలి కోయలకూ అవతలి కోయలకూ మాట కలుస్తుంది, చుట్టరికాలు కలుస్తాయి. మేడారం జాతరకు ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర ఆదివాసులు ఎప్పటి నుంచో వస్తున్నారు. మాఘమాసంలో జాతర, మాఘమాసంలోనే మిరప కోత. మానుకోట తండాల్లోనూ ఒక సులువుంది. గోర్ బోలి మాట్లాడే లంబాడీలకు హిందీ తొందరగా అబ్బుతుంది, కూలీతో బేరం, యోగక్షేమం రెండూ మధ్యలో మేస్త్రీ లేకుండా నడుస్తాయి. కొన్ని తండాల్లో కూలీల గుడిసెలకు కరెంటు తీగ లాగి ఇచ్చిన రైతులున్నారు. చేను గట్టు మీద పట్టా కప్పు కింద, తాగునీటికి మోటారు గుంత చూపించి చేతులు దులుపుకున్నవాళ్లూ ఉన్నారు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడేనాటికి ఏరుడు ఇంకా పూర్తి కాలేదు. అప్పటికి ఏడాది కిందటే భూపాలపల్లి నుంచి విడిపోయిన ములుగు జిల్లాలో, కన్నాయిగూడెం వైపు మిరప పనికి వచ్చిన ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లా ముఠా ఒకటి బస్సులు లేక కాలినడకన బయలుదేరింది. అందులో 12 ఏళ్ల పాప ఉంది. అడవి దారుల్లో మూడు రోజులు నడిచింది. ఏప్రిల్ 18న, ఇల్లు ఇంకొంచెం దూరంలో ఉందనగా, ఎండకూ దాహానికీ సొమ్మసిల్లి ప్రాణం విడిచింది. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలోనే తొలి శ్రామిక్ రైలు 1,200 మందితో కదిలింది. ఆ తర్వాత వారం రోజులకే ఖగడియా నుంచి లింగంపల్లికి ఎదురు రైలు ఒకటి వచ్చింది. తెలంగాణ రైస్‌మిల్లుల్లో బస్తాలు ఎత్తడానికి రెండు వందల పైచిలుకు బిహారీ హమాలీలు అందులో దిగారు. మంత్రి పూలు ఇచ్చి స్వాగతం పలికారు. కల్లాల్లో వడ్లు తడిసిపోతున్నప్పుడు ఆ హమాలీల విలువ ప్రభుత్వానికి బాగా తెలిసింది. ఆ పూలలో ఒక్క పువ్వంత శ్రద్ధ మూడు వారాల ముందు మిరప చేల వైపు మళ్లి ఉంటే, ఆ బడి ఈడు పాప ప్రాణాలతో ఇల్లు చేరేది.

బొగ్గు ఊళ్లో రెండు జీతాలు

భూపాలపల్లిని ఊరుగా పెంచింది సింగరేణి. కాకతీయ గనులు వచ్చాక కొత్తగూడెం, గోదావరిఖని, మంచిర్యాల నుంచి బదిలీ మీద వచ్చిన కుటుంబాలతో కాలనీలు లేచాయి. పక్కన చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం వచ్చింది. తట్టా చెమ్మస్ (పార) పట్టి భూమి లోపలికి దిగిన తాతల కాలం పోయింది. ఇప్పుడు ఓపెన్‌కాస్టుల్లో డంపర్లు, షావెళ్లు పనిచేస్తాయి. బొగ్గు మీద మట్టి ఎత్తిపోసే ఓబీ పని ప్రైవేటు కాంట్రాక్టర్లది. భూమి ఇచ్చిన ఊళ్ల పిల్లలు గేటు ముందు ఉద్యోగాలు అడుగుతూ ధర్నాలు చేస్తుంటే, బండి నడపడానికి ఉత్తరాది నుంచి వచ్చిన డ్రైవర్లు క్యాంపుల్లో రొట్టెలు కాల్చుకుంటూ కనిపిస్తారు.

2024 సెప్టెంబరులో ప్రకటించిన సింగరేణి లాభాల వాటా చూస్తే చాలు. 41 వేల మంది పైచిలుకు పర్మినెంటు కార్మికులకు తలా సగటున లక్షా 90 వేల రూపాయలు. దాదాపు 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు తలా 5 వేలు. ఆ 5 వేలు కూడా సంస్థ చరిత్రలో అదే మొదటిసారి. పర్మినెంటు కార్మికుడు తన వాటా కోసం సంఘం కట్టి, జైలుకు పోయి, దశాబ్దాలు కొట్లాడి సాధించుకున్నాడు. దాన్ని తప్పు పట్టేవాడు ఈ నేల చరిత్ర తెలియనివాడు. కానీ అదే దుమ్ము పీల్చే రెండో మనిషికి అంత బలమైన యూనియన్ లేదు, బయటి నుంచి వచ్చినవాడైతే ఓటూ ఇక్కడ లేదు. బండి నడిపే రోజు దాకానే అతని లెక్క.

ఇక్కడి అడవుల్లో ఇంకో రకం వచ్చినవాళ్లు ఉన్నారు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు ఎదురుగా సల్వాజుడుం మొదలైనప్పుడు రెండు తుపాకుల మధ్య నలిగి పారిపోయి వచ్చిన గుత్తికోయలు. కూలీ కోసం వచ్చినవాళ్లకు తిరిగి పోవడానికి ఊరుంది. వీళ్లకు చాలామందికి అదీ లేదు. ఎస్టీ సర్టిఫికెట్ దొరకదు, పోడు పట్టా రాదు. 2017 సెప్టెంబరులో అప్పటి భూపాలపల్లి జిల్లాలోని తాడ్వాయి అడవిలో, జలగలంచ గూడెంలో అటవీశాఖ వాళ్ల గుడిసెలు కూల్చింది. అడవి తరిగిపోతోందన్న అటవీశాఖ దిగులు నిజమే. ఇరవయ్యేళ్లుగా ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలను ఏ రాష్ట్రం పిల్లలనాలన్నది దానికంటే ముందు తేలాల్సిన సంగతి.

డోర్నకల్ గోపురం, పెంబర్తి సుత్తి

బయటి మనిషి వచ్చి ఈ నేలలో కలిసిపోవడం ఎలా ఉంటుందో చూడాలంటే మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్ పోవాలి. తమిళనాడు తిరునల్వేలి ప్రాంతంలో పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో ఇక్కడికి వచ్చి, తెలుగు నేర్చుకొని, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో తెల్లవాళ్ల ముఖం మీదే, మీ త్యాగాలు సరే, మాకు స్నేహం కూడా ఇవ్వండని అడిగిన మనిషి ఆయన. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కెథడ్రల్‌లో గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాల తీరు కలిసి కనిపిస్తాయి. చుట్టూ ఉన్న మనుషుల కళను పక్కకు నెట్టకుండా కట్టిన కట్టడం అది. వచ్చిన చోటి మనుషుల మాట నేర్చుకోవడం, వచ్చినవాళ్లకు స్నేహం ఇవ్వడం రెండూ జరిగితే ఏం నిలబడుతుందో ఈ చిన్న జంక్షన్ ఊరు వందేళ్లుగా చూపిస్తోంది.

2025 ఆగస్టులో తెలంగాణలో మార్వాడీలు వెళ్లిపోవాలన్న నినాదం లేచినప్పుడు ఆ ఎడిన్‌బరో మాట గుర్తొచ్చింది. పట్నాల్లో చిన్న వ్యాపారుల దుకాణాలు మూతపడుతున్న మాట నిజం. ఆ బాధకు మందు ధరల మీద, అద్దెల మీద, ఆన్‌లైన్ సరుకు మీద వెతకాలి. బొంబాయిలో మనవాళ్లు కూడా ఇలాంటి నినాదాల నీడలో బతికినవాళ్లే.

ఆ ఆన్‌లైన్ సరుకు దెబ్బ జనగామ పక్కనే ఉన్న పెంబర్తికీ తగిలింది. ఇత్తడి రేకును కొలిమిలో మెత్తబరిచి, లక్క మిశ్రమం పరిచిన పలక మీద పెట్టి, వెనకవైపు నుంచి సన్న ఉలితో కొట్టుకుంటూ పోతే ముందువైపు ఆకు లేస్తుంది, నెమలి మెడ లేస్తుంది, దేవుడి ముఖం లేస్తుంది. ఒక్క దెబ్బ ఎక్కువైతే రేకు చిరుగుతుంది. అందుకే ఉలి పట్టిన విశ్వకర్మ పనివాడు కంటితో కంటే చెవితో ఎక్కువ పని చేస్తాడు, సుత్తి చప్పుడు మారితే చేయి ఆపుతాడు. నిజాం కాలంలో పాన్‌దాన్లు, అత్తర్‌దాన్లు చేసిన చేతులివి. ఇవాళ ధ్వజస్తంభాల తొడుగులు, మకరతోరణాలు, సభల్లో ఇచ్చే జ్ఞాపికలు చేస్తున్నాయి. 2023లో దేశంలోని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో పెంబర్తికి చోటు దొరికింది. ఎక్కడో మిషన్ మీద అచ్చొత్తిన రేకు బొమ్మ సగం ధరకు ఆన్‌లైన్లో దొరుకుతుంటే, ఇంటి పిల్లలు సాఫ్ట్‌వేర్ కోర్సులకు పోతున్నారు. పోవద్దని ఏ తండ్రీ అనడం లేదు.

జనవరి లోపు చేయదగినవి

వచ్చినవాళ్ల కోసం చట్టం లేక కాదు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979 నాటిది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లో అది కలిసిపోయింది. ఐదుగురు ఉంటే వర్తించిన పాత చట్టం జాగలో ఇప్పుడు పదిమంది ఉండాలి. ఒకే ముఠాను ముగ్గురు రైతుల మధ్య పంచితే ఆ పది ఎక్కడా తేలదు. ఆ లెక్కన నాటు మడి, మిరప చేను చట్టం కంటికి ఆనడమే కష్టం.

చట్టంతో పని లేకుండా అయ్యేవి ఉన్నాయి. ఒకే దేశం ఒకే రేషన్ పథకాన్ని 2019 ఆగస్టులో మొదట పరీక్షించి చూసిన రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్ 2022లో చేరింది. అంటే బీజాపూర్ కార్డున్న కూలీ వేలిముద్ర వేసి మరిపెడలోనో, కురవిలోనో తన వాటా బియ్యం తీసుకోవచ్చు. ఈ సంగతి ముఠాకు మేస్త్రీ చెప్పడు, చెబితే దుకాణం సరుకు అతని ఖాతాలో రాయడం తగ్గుతుంది. రేషన్ దుకాణం ముందు హిందీలో ఒక బోర్డు, తండా వాట్సాప్ గ్రూపుల్లో గోండీలో ఒక ఆడియో చాలు. పిల్లల విషయానికి పక్క జిల్లాను చూస్తే సరిపోతుంది. 2017లో భువనగిరి వైపు ఇటుక బట్టీల దగ్గర ఒడిశా పిల్లలకు ఒడియాలోనే చదువు చెప్పారు, పుస్తకాలు, టీచర్లు ఒడిశా నుంచే వచ్చారు. మిరప ఏరుడు జరిగే మూడు నెలలు కోయ, గోండీ మాట తెలిసిన వాలంటీర్లతో తండా బడిలో ఒక గది తెరవడం అంతకంటే కష్టమేమీ కాదు. ఆ మాట తెలిసిన యువతీయువకులు భూపాలపల్లి, ములుగు అడవి మండలాల్లోనే ఉన్నారు. డిగ్రీలు చేతిలో పట్టుకొని, గనిలో కాంట్రాక్టు పనికి దరఖాస్తు పెట్టుకొని ఉన్నారు.